బుధవారం రాత్రి రెండు గంటల విమానం

“ఎన్నిసార్లు చెప్పాలె మేడం? పెద్దాయన పడ్డ టైముకు బాల్‌రాజన్న సముద్రం అవుతల ఉన్నడు. ఇగ మీరు దిల్‌సుఖ్‌నగర్‌కు పోయి పెళ్ళికొడుకుల ఎంక్వైరీలు చూసుకోండ్రి.”

ఎస్సై తిరుపతి అలా అని నవ్వాడు. ఆయన నవ్వితే నవ్వాడు, పక్కనున్న కానిస్టేబుల్ కూడా నవ్వాడు. అక్కడ మండింది నాకు. మా మనవరాలు విజయదుర్గ మాత్రం మొహం తిప్పుకోలేదు. దాని కుడి చెవి ఎర్రబడిందంతే. ఉగ్గు తాగే వయసు నుంచీ దానికి కోపమొస్తే ముందు ఎర్రబడేది ఆ చెవే.

దిల్‌సుఖ్‌నగర్‌లో గాజుల కొట్టు మీది గదిలో అది డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. పెళ్ళికొడుకు తాగుతాడా, చెప్పిన ఉద్యోగం ఉందా లేదా, ఇలాంటివే ఎక్కువ వస్తాయి, అబద్ధమెందుకు. కానీ ఈ కేసు నేను తెచ్చింది. నాగేశ్వరి మా తెనాలి పిల్ల. నా చేతుల మీద పెళ్ళయింది. నిన్న రాత్రి బస్సెక్కి, పొద్దున్నే ఎల్‌బీ నగర్‌లో దిగి, మొహమైనా కడుక్కోకుండా మా గుమ్మంలో కూలబడింది. దాని ఒక్కగానొక్క కొడుకు రవితేజని పోలీసులు పట్టుకుపోయారు.

ఆ అబ్బాయి కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతాడు. ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ వెనక పాండురంగం గారి ఇంట్లో డాబా మీది గదిలో అద్దెకుంటున్నాడు. పాండురంగం గారిది మొదటి అంతస్తు. గురువారం, అంటే మొన్న రాత్రి మూడింటికి, మంచినీళ్ళు పట్టుకుందామని ఈ అబ్బాయి క్యాను పట్టుకుని దిగితే, మెట్ల మలుపులో పెద్దాయన తల పగిలి పడి ఉన్నాడు. ఒళ్ళో వేసుకుని కేకలు పెట్టాడు, అంబులెన్సుకి ఫోన్ చేశాడు. చొక్కా నిండా నెత్తురు. తిరుపతికి ఆ నెత్తురు చాలింది. అంతకు ముందు వారం బండి పెట్టుకునే చోటు కోసం ఇద్దరూ గొడవపడ్డారని ఎవరో చెబితే అది ఇంకా బాగా చాలింది. పెద్దాయన ఆస్పత్రిలో కళ్ళు తెరవలేదు. ఈ సాయంత్రం ఎనిమిదింటికి రవితేజని మేజిస్ట్రేటు ముందు పెడతారు. పెట్టారంటే జైలే.

“పెద్దాయన కిందికి దిగి మెట్ల ముందున్న ఇనప గ్రిల్లు తాళం తనే తీశాడు తిరుపతి గారూ,” అంది విజయదుర్గ. “ఆయన తాళంచెవి ఆ తాళానికే వేలాడుతోంది, మీ ఫోటోలోనే ఉంది. రవితేజ దగ్గర వేరే చెవి ఉంది, వాడు పైనే ఉన్నాడు. వాడి కోసం ఆయన కిందికి దిగి తాళం తియ్యక్కర్లేదు. ఆ వేళప్పుడు బయటి నుంచి ఎవరో వచ్చారు. అయినవాళ్ళు వస్తేనే తీస్తాడు. ఆయనకున్న అయినవాడు ఒక్క బాల్‌రాజే.”

బాల్‌రాజ్ పాండురంగం గారి తమ్ముడి కొడుకు. జాంబియా దేశంలో లుసాకా అనే ఊళ్ళో బోర్లు వేసే బండ్లు నడుపుతాడు. ఊరి బయట తుర్కయంజాల్‌లో ఉన్న భూమి అమ్ముదామని ఏడాదిగా పెదనాన్న ప్రాణం తీస్తున్నాడు. ఆయన అమ్మనంటే అమ్మనన్నాడు. ఇది వీధిలో అందరికీ తెలిసిన సంగతే.

తిరుపతి విసుగ్గా ఫోన్ తీశాడు.

“చూడుండ్రి. ఆయన టికెట్ ఫోటో. లుసాకాల బుధవారం రెండు గంటలకు విమానం. బుధవారం రాత్రి రెండంటే మనకు గురువారం పొద్దుగాల అయిదున్నర. వాళ్ళకు మనకు మూడున్నర గంటలు తేడా. అర్థమయితున్నదా? మీ పెద్దాయన ఈడ మూడింటికి పడ్డడు. అప్పటికి బాల్‌రాజన్న ఇంక ఆడ విమానమే ఎక్కలే!”

“తర్వాత?”

“తర్వాత గిది.” ఫోన్లో ఇంకో బొమ్మ చూపించాడు. ప్రపంచమంతా పరిచిన పటం, దాని మీద ఆ చివర నుంచి ఈ చివరకి ఒక ఎర్ర గీత. “గీ సైట్‌ల రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే చాలు, మొత్తం చెప్తది. లుసాకా నుంచి హైదరాబాద్ ఆరువేల అయిదు వందల చిల్లర కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. అయిదున్నరకు ఎనిమిదిన్నర కలుపుండ్రి. గురువారం పగటీలి రెండింటికి శంషాబాద్‌ల దిగిండు. పాస్‌పోర్టు మీద గురువారం ముద్ర ఉన్నది. సాయంత్రం సూట్‌కేసు పట్టుకొని సీదా దవాఖానకే వచ్చిండు. టికెటు, సైటు, ముద్ర, మూడూ ఒక్కటే మాట చెప్తున్నయ్. ఇంకేం గావాలె?”

పొద్దున్నే తిరుపతి ఫోన్లో చెప్పిన ఈ లెక్క విజయదుర్గ అప్పటికే నాలుగుసార్లు వేసుకుందని నాకు తెలుసు. మెట్రోలో వస్తూ చేతివేళ్ళ మీద వేసింది, టీ కొట్టు దగ్గర వేసింది. ఎన్నిసార్లు వేసినా బాల్‌రాజ్ సముద్రం అవతలే తేలుతున్నాడు.

అప్పుడే బాల్‌రాజ్ లోపలికొచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి, పెద్ద గడియారం, వదులు చొక్కా. తిరుపతి లేచి మరీ చెయ్యి కలిపాడు. సొరుగులోంచి పాస్‌పోర్టు తీసి రెండు చేతులతో ఇచ్చాడు.

“అన్నా, ఏమనుకోకు. రూల్ గదా అని తీసుకున్న.”

“అయ్యో, గదేం లేదు తిరుపతి. ఆడ బండ్లు ఆగి ఉన్నయ్. శనివారం రాత్రి రెండున్నర దాటినంక నా విమానం. దవాఖానల పైసల్ కట్టిన, మా అమ్మ చెల్లె ఉంటది పక్కన.”

“రేపు రాత్రి గదా, ఆరామ్‌గ పో అన్నా.”

పెదనాన్న కళ్ళు తెరవకుండా పడి ఉంటే రెండు రోజులకే తిరిగిపోయే మనిషిని నేను ఈ డెబ్భై ఏళ్ళలో చూడలేదు. బయట బెంచీ మీద నాగేశ్వరి, మా ఇంట్లో కట్టిచ్చిన ఉప్మా పొట్లం విప్పనే లేదు. కొడుక్కి పెట్టనిస్తారేమోనని పొద్దుటి నుంచీ ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. నన్ను చూసి, “పిన్నీ, ఏమన్నారు?” అంది.

“అడుగుతోందే, అడుగుతోంది,” అన్నాను. అంతకన్నా ఏం చెప్పను?

*

మధ్యాహ్నం నాలుగింటికి పాండురంగం గారింటికి వెళ్ళాం. రెండో అంతస్తు బాల్‌రాజ్‌ది. ఆయన లేనప్పుడు తాళం వేసి ఉంటుంది. రెండంతస్తులు ఎక్కేసరికి నా మోకాళ్ళు రెండూ నన్ను తిట్టాయి.

బాల్‌రాజ్ తలుపు సగమే తీశాడు. “మళ్ళ ఏంది మేడం? తిరుపతి చెప్పలేదా?”

“ఒక్క పది నిమిషాలు. మీరు బయల్దేరిన సంగతి మీ నోటితో విందామని.”

“ఒక్కటే మాట పదిసార్లు చెప్పాల్నా? బుధవారం రాత్రి రెండు గంటలకు ఎక్కిన. గురువారం దిగిన. దిగంగనే పెదనాయన పడ్డడని తెల్సింది. ఇంతే.”

“దిగింది ఎన్నింటికి?”

“పగటీలి. గడియారం చూసుకుంట దిగుతరా ఎవలన్న?”

“దిగగానే ఆస్పత్రికే వెళ్ళారా? సాయంత్రం వరకూ ఎక్కడున్నారు?”

“ట్రాఫిక్‌ల. హైదరాబాద్‌ల ఉంటరా మీరు, లేకపోతే ఇంకెక్కడన్న ఉంటరా?”

“ఎవరు చెప్పారు, పెదనాన్న పడ్డాడని?”

“అందరూ చెప్పిన్రు! మేడం, నేను మీకు జవాబు చెప్పాల్సిన పని లేదు. మర్యాదకు నిలబడ్డ.”

విజయదుర్గ చెవి మళ్ళీ ఎర్రబడింది. అడిగిన ప్రతి ప్రశ్నా గోడకి కొట్టిన బంతిలా వెనక్కి వస్తుంటే దానికి మాత్రం ఎలా ఉంటుంది? ఇద్దరూ అలా కళ్ళతో పొడుచుకుంటూ నిలబడిపోయారు. నాకు నిలబడే ఓపిక లేదు.

“నాయనా, గుక్కెడు మంచినీళ్ళిస్తావా? పైకెక్కితే ఆయాసం,” అన్నాను.

ఎంత కోపంలో ఉన్నా ముసలిదాన్ని నీళ్ళడిగితే లేదనే మగాడు ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. లోపలికి రమ్మన్నాడు. కుర్చీలో కూర్చుని చుట్టూ చూశాను. మంచం మీద సూట్‌కేసు జిప్పు వేసి ఉంది. వంటింట్లో ఫ్రిజ్ తలుపు బార్లా తీసి, కింద పాతగుడ్డ పరిచి, ప్లగ్గు పీకి ఉంది. అందుకే ఆ నీళ్ళు చల్లగా లేవు.

“అంత దూరం కూర్చుని వస్తే కాళ్ళు వాచవా నాయనా? మా ఆయన తెనాలి బస్సులో వెళ్ళొస్తేనే పాదాలు బూరెల్లా ఉబ్బేవి. ఉప్పునీళ్ళలో పెట్టేదాన్ని.”

“వాచుడా? చూడు పెద్దమ్మా.” నిజంగానే పంచె కొంచెం ఎత్తి చూపించాడు. చీలమండలు ఇంకా ఉబ్బే ఉన్నాయి. జాలిపడే మనిషి దొరికితే ఎవరికైనా నోరు వదులవుతుంది. “ఒక్క విమానం అయితే మంచిగుండు. నడుమ ఇంకో దేశంల దిగాలె, ఆడ ఇనుప కుర్చీల ఏడెనిమిది గంటలు కూసోవాలె, మళ్ళ ఇంకోటి ఎక్కాలె. ఇంట్ల అడుగు పెట్టేవరకు ఇరవై గంటలయితది. మన ఊరికి ఆడికెళ్ళి సీదా విమానమే లేదు.”

“అయ్యయ్యో,” అన్నాను.

విజయదుర్గ చెవి ఎరుపు తగ్గడం చూశాను.

*

బయటికొచ్చి మెట్లు దిగుతూ నా రెక్క గట్టిగా పట్టుకుంది. “అమ్మమ్మా, ఇరవై గంటలన్నాడు. విన్నావుగా?”

“వినకేం. ఇనుప కుర్చీ అన్నాడు కూడా.”

“తిరుపతి సైట్‌లో ఉన్నది గీత. ఆ ఎయిర్‌పోర్టు నుంచి ఈ ఎయిర్‌పోర్టుకి తిన్నగా గీత గీసి ఎనిమిదిన్నర గంటలంది. ఆ గీత మీద ఎగిరే విమానమే లేదు!” అని రెండు మెట్లు గబగబా దిగి ఆగిపోయింది. మొహం మళ్ళీ మాడిపోయింది. “కానీ ఇది ఇంకా అడ్డం తిరిగింది. బుధవారం రాత్రి రెండింటికి ఎక్కితే మనకి గురువారం పొద్దున అయిదున్నర. దానికి ఇరవై గంటలు కలిపితే శుక్రవారం. అంటే గురువారం అర్ధరాత్రి దాటాక గానీ దిగకూడదు. మరి గురువారం సాయంత్రమే ఆస్పత్రిలో ఎలా ఉన్నాడు? గురువారం ముద్ర ఎలా పడింది? రాగలిగిన దానికన్నా ముందే వచ్చేశాడు! ఏ లెక్కకీ అందట్లేదు అమ్మమ్మా. నా బుర్ర పనిచెయ్యట్లేదు.”

మెట్ల గోడ మీద అరచేత్తో కొట్టింది. నేను దాన్ని ఏమీ అనలేదు. అలాంటప్పుడు అంటే ఏడుస్తుంది, ఏడిస్తే దానికి నచ్చదు.

కింద గ్రిల్లు బయట పక్కనే, మెట్ల కింది మూలలో, నీళ్ళ బిందెలు మూడు వరసగా ఉన్నాయి. పైన పళ్ళాలు మూసి ఉన్నాయి. కింది వాటాలో ఉండే అండాలమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుని లేచింది.

“అమ్మా, జర గా పోలీసాయనకు చెప్పుండ్రి. మొన్నటిసంది గా బిందెలు ముట్టనిస్తలేరు. ఈడ ఏదీ కదపొద్దని చెప్పి పోయిండు, మళ్ళ తిరిగి చూడలే. రాత్రికి మళ్ళ నల్లా ఒస్తది. నేను దేంట్ల పట్టుకోవాలె?”

“మొన్న పట్టినవేనా ఇవి?” విజయదుర్గ వంగింది. “ఎప్పుడు పెట్టారు ఇక్కడ?”

“పెద్దాయన పడ్డ రాత్రే. ముందుగాల వంటింట్ల డ్రమ్ము నింపిన. మోటరు చప్పుడుల దబ్బుమని ఇనబడ్డది. పైన పెద్దాయన ట్యాంకు మూత ఏస్తున్నడేమో అనుకున్న. డ్రమ్ము నిండినంక బిందెలు పట్టి గీ మూలకు పెట్టిన. మూడోది పెట్టంగనే పైకెళ్ళి గా సారు పిలగాడు మొత్తుకున్నడు.”

“అప్పటి నుంచి ఎవరూ కదపలేదు?”

“ఒట్టు బిడ్డా. ఎవలు ముట్టలే. గా దినం పొద్దుగూకినంక గీ మూల కడిగిన, గప్పుడు ఏం లేకుండె.”

విజయదుర్గ ఫోన్ లైటు వేసి మూలంతా చూసింది. గోడ, గ్రిల్లు, నేల. ఫోటోలు తీసుకుంది. ఆ తర్వాత అండాలమ్మనీ నన్నూ పక్కనే నిలబెట్టి, ఫోన్లో వీడియో నడుస్తుండగా, గ్రిల్లుకి దగ్గరగా ఉన్న బిందెని నెమ్మదిగా ఎత్తింది. కింద నేల మీద బిందె అడుగు గుండ్రంగా ముద్రపడి ఉంది. ఆ గుండ్రం మధ్యలో నాలుగు వేళ్ళంత కాగితం చీటీ అతుక్కుని ఉంది. నల్లటి సన్న గీతలు, వాటి కింద అంకెలు, మూడు ఇంగ్లీషు అక్షరాలు.

“ఏమిటే అది?”

“విమానంలో వేసే సూట్‌కేసులకి అంటిస్తారు అమ్మమ్మా, ఏ ఊరు వెళ్ళాలో తెలియడానికి. ఊడిపోయి ఎక్కడ పడితే అక్కడ అంటుకుంటుంది. హైదరాబాద్ అనే ఉంది దీని మీద.” అది గ్రిల్లు నుంచి చీటీ దాకా వేలితో గీసి చూపించింది. “గ్రిల్లు తీసేవరకూ నిలబడ్డవాడు సూట్‌కేసు ఇక్కడ కింద పెట్టాడు.”

“ఈ ఇంట్ల విమానమెక్కేటోడు బాల్‌రాజ్ ఒక్కడే,” అంది అండాలమ్మ. ఆ మాట తనే విని నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

విజయదుర్గ లేచి నిలబడి తల పట్టుకుంది.

“గురువారం సాయంత్రం తెచ్చిన సూట్‌కేసు చీటీ గురువారం మూడింటికి పెట్టిన బిందె కిందికి ఎలా వస్తుంది? మనిషి ఇక్కడున్నాడని బిందె చెబుతోంది. అక్కడున్నాడని టికెట్ చెబుతోంది. అండాలమ్మ గారూ, బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. నల్లా ఎప్పుడొచ్చింది?”

“బుధవారం రాత్రి రెండు గొట్టినంక.”

“బుధవారం కాదండీ! పెద్దాయన పడింది గురువారం.”

“అదే బిడ్డా. బుధవారం రాత్రే.”

“గురువారమని కేసులో రాశారు, ఆస్పత్రిలో రాశారు. మీరు బుధవారమంటారేమిటి? బుధవారమా, గురువారమా? ఏదో ఒకటి చెప్పండి!” పాపం, అరిచేసింది. పొద్దుటి నుంచీ అణుచుకున్నదంతా అండాలమ్మ మీద పడింది.

అండాలమ్మ మాత్రం తగ్గలేదు. “నా మీద ఒర్రుతవేంది? బుధవారం తిని పండుకున్న, నడిరాత్రి లేసి నీళ్ళు పట్టిన. తెల్లారితే గదా గురువారం? పండుకునేటప్పుడు ఏ వారమో లేసేదాక గదే వారం. మీ దిల్‌సుఖ్‌నగర్‌ల వేరే ఉంటదా?”

విజయదుర్గ చేతిలో ఫోన్ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది, నా చెప్పుల మీద పడుతోంది.

“అమ్మమ్మా,” అంది. “రాత్రి రెండు గంటలకి, నిద్రలో లేచి, ఇవాళ ఏ వారమని నిన్నడిగితే ఏం చెబుతావు?”

“రాత్రి ఏ వారమో అదే చెబుతాను. నీకు పుట్టినరోజు చెయ్యడంలో కూడా అదే గొడవ కదుటే మీ అమ్మకీ ఆస్పత్రి వాళ్ళకీ. నువ్వు సోమవారం రాత్రి ఒంటిగంటకి పుట్టావని నేనంటే, వాళ్ళు మంగళవారమని రాసి…”

నా మాట పూర్తి కాకుండానే అది నన్ను గట్టిగా వాటేసుకుంది. అండాలమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆవిడ బిత్తరపోయింది.

*

మేము స్టేషన్‌కి చేరేసరికి ఆరున్నర దాటింది. బెంచీ మీద నాగేశ్వరి, దాని ఒళ్ళో అదే ఉప్మా పొట్లం. లోపల తిరుపతి రవితేజ కాగితాలు సర్దుకుంటున్నాడు.

“మళ్ళొచ్చిన్రా?” అన్నాడు. “పెద్దమ్మను గూడ తిప్పుతున్నరు, పాపం తగుల్తది.”

“టికెట్ ఫోటో తియ్యండి,” అంది విజయదుర్గ. “చదవండి, ఏముందో అదే.”

“ఎన్నిసార్లు… బుధవారం రాత్రి రెండు గంటలు.”

“రాత్రి అని ఉందా?”

తిరుపతి ఫోన్ చూశాడు. దగ్గరగా పెట్టుకుని చూశాడు. “బుధవారం. రెండు గంటలు.”

“రాత్రి అన్న మాట టికెట్ మీద లేదు. అది మీరు కలిపారు. మీరూ నేనూ మనందరం అలాగే అంటాం కాబట్టి. ఎయిర్‌పోర్టు వాళ్ళకి పన్నెండు కొట్టగానే కొత్త వారం. వాళ్ళ బుధవారం రెండు గంటలంటే మన మాటల్లో మంగళవారం రాత్రి. పెద్దాయన పడ్డ వేళకి గురువారమని సరిగ్గానే రాశారు, ఎందుకంటే అది కాగితం. టికెట్ దగ్గరికొచ్చేసరికి ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడారు. అక్కడ ఒక పూర్తి రోజు జారిపోయింది.”

“సైట్‌ల ఎనిమిదిన్నర…”

“అది పటం మీద గీత సార్. ఆ గీత మీద విమానం లేదు. మధ్యలో ఇంకో దేశంలో దిగి ఎక్కాలి. మొత్తం ఇరవై గంటలని బాల్‌రాజ్ తనే మా అమ్మమ్మకి చెప్పాడు. మీ దగ్గరున్నది మొదటి విమానం ఫోటో ఒక్కటే, రెండోది అడిగారా?”

తిరుపతి ఫోన్లో ముందుకీ వెనక్కీ జరిపాడు, రెండో విమానం ఫోటో దొరకలేదు.

“మంగళవారం రాత్రి ఎక్కాడు. మనకి అప్పుడు బుధవారం పొద్దున అయిదున్నర. ఇంటికి ఇరవై గంటలు కలపండి.”

తిరుపతి పెదాలు కదిలాయి. “బుధవారం రాత్రి… ఒంటిగంటన్నర, రెండు.”

“పన్నెండు దాటాకే శంషాబాద్‌లో దిగాడు. అందుకే గురువారం ముద్ర. మూడింటి లోపే గ్రిల్లు దగ్గర నిలబడ్డాడు. ఆ పగలంతా ఎక్కడో దాక్కుని, సాయంత్రం సూట్‌కేసుతో ఆస్పత్రికొచ్చి మీ ముందు ఏడ్చాడు.”

“ఇదంతా మీ ఊహ మేడం.” కానీ గొంతులో పొద్దుటి నవ్వు లేదు. “గురువారం సాయంత్రం ఇంటికి పోయినప్పుడు చీటీ గీటీ పడొచ్చు,” అన్నాడు, విజయదుర్గ బల్ల మీద పెట్టిన ఫోటో చూసి.

“బిందె కింద పడదు. బిందె గురువారం మూడింటి నుంచి కదల్లేదు. కదపనివ్వనిది ఎవరు?”

కానిస్టేబుల్ నేల చూపులు చూశాడు. వీడియోలో బిందె లేచింది, గుండ్రటి ముద్ర, మధ్యలో చీటీ. తిరుపతి అది రెండుసార్లు తిప్పి చూశాడు. మనిషి మొండివాడే గానీ చెడ్డవాడు కాదు, కళ్ళముందున్నది కాదనలేకపోయాడు. కుర్చీలో వెనక్కి వాలి నుదురు రుద్దుకున్నాడు.

“సరే. మంచిది. రేపు పొద్దుగాల అన్నను పిలిచి అడుగుత. రెండో విమానం కాగితాలు గూడ తెప్పిస్త. ఎటూ రేపు రాత్రి దాక ఉంటడు గదా.”

నాకు ఆ ఫ్రిజ్ కళ్ళముందు మెదిలింది. బార్లా తీసిన తలుపు, కింద పాతగుడ్డ. రేపు రాత్రికి వెళ్ళేవాడు ఇవాళ మధ్యాహ్నమే ఫ్రిజ్ ఎందుకు కట్టేస్తాడు? రేపటి పాలు ఎక్కడ పెట్టుకుంటాడు?

“దుర్గా,” అన్నాను. “ఆ బాల్‌రాజ్ పొద్దున ఇక్కడే నిలబడి ఏమన్నాడో గుర్తుందా? శనివారం రాత్రి రెండున్నర దాటినంక అన్నాడు.”

విజయదుర్గ నా వైపు చూసింది. తర్వాత తిరుపతి వైపు తిరిగింది. “ఆయన తిరుగు టికెట్ ఫోటో ఉందా?”

ఉంది. తిరుపతి వేలితో జరిపాడు. ఆ వేలు ఆగిపోయింది. కానిస్టేబుల్ ఆయన భుజం మీదుగా వంగి గట్టిగా చదివాడు. “శనివారం. రెండు నలభై.”

గోడ మీద క్యాలెండర్లో శుక్రవారం.

“రాత్రి అని లేదు గదా సార్ దీని మీద గూడ,” అన్నాడు కానిస్టేబుల్ మెల్లగా.

“ఇంకో అయిదు గంటల్లో శనివారం మొదలవుతుంది,” అంది విజయదుర్గ. “మొదటిసారి మీరు పొరపాటు పడ్డారు. ఆయన దిద్దలేదు. రెండోసారి ఆ పొరపాటుని ఆయనే వాడుకున్నాడు.”

తిరుపతి బాల్‌రాజ్‌కి ఫోన్ చేశాడు. స్విచ్ఛాఫ్. ఆస్పత్రికి చేశాడు. మధ్యాహ్నం నుంచీ రాలేదన్నారు. విజయదుర్గ అండాలమ్మకి చేసి స్పీకర్ పెట్టింది.

“పోయిండు బిడ్డా! మీరు అటు పోంగనే కారొచ్చింది. సూట్‌కేసు ఏసుకొని పోయిండు. బిందె జరిగింది చూసి, ఎవలు జరిపిన్రు అని గట్టిగ అడిగిండు. నాకు భయమైంది, మీ పేరే చెప్పిన.”

“తలుపేసుకుని లోపలే ఉండండి,” అని విజయదుర్గ ఫోన్ పెట్టేసింది.

“పాస్‌పోర్టు?” అన్నాడు తిరుపతి కానిస్టేబుల్‌తో. “పాస్‌పోర్టు మన దగ్గరుంటే యాడికి పోతడు?”

కానిస్టేబుల్ జవాబు చెప్పడానికి భయపడుతుంటే నేనే చెప్పాను. “పొద్దున నువ్వే ఇచ్చావు నాయనా. రెండు చేతులతో.”

తిరుపతి ఎయిర్‌పోర్టులో పోలీసులకి ఫోన్ కలిపాడు. అవతల మనిషి ఏ కేసు, ఏ ఉత్తర్వు, ఎవరి సంతకం అని వరసగా అడుగుతున్నాడు. కేసులో నిందితుడి పేరు రవితేజ అని రాసి ఉంది, అదీ తిరుపతి చేతి రాతే. ఆ పేరు అలా ఉన్నంత వరకు బాల్‌రాజ్‌ని ఆపడానికి అవతలివాడికి కారణం లేదు. “నేనే వస్తున్న, ఈడికెళ్ళి కాగితం పట్టుకొని వస్తున్న,” అని అరిచి పెట్టేశాడు.

అప్పుడు లాకప్పు వైపు నుంచి ఇంకో పోలీసు వచ్చాడు. “సార్, ఎనిమిదింటికి మేజిస్ట్రేటు. పిలగాణ్ణి జీపెక్కియ్యాల్నా? జీపు ఒక్కటే ఉన్నది.”

గుమ్మంలో నాగేశ్వరి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. పొట్లం చేతిలో నలిగిపోయింది. “పిన్నీ, ఆ మనిషి విమానం ఎక్కేస్తే మావాడి సంగతేమిటి?” అంది. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. ఎక్కేస్తే ఈ కేసులో మిగిలేది ఆ పిల్లాడొక్కడే.

తిరుపతి ఒకసారి నాగేశ్వరిని చూశాడు, ఒకసారి చేతిలో కాగితాలు చూశాడు. వాటిని బల్ల మీద పడేసి జీపు తాళం తీసుకున్నాడు.

“మేజిస్ట్రేటుకు నేను ఫోన్ల చెప్పుకుంట. తిట్టనీ. మేడం, మీరు నడుండ్రి, వీడియో మీ దగ్గరున్నది. పెద్దమ్మా, ఇరవై గంటలన్న మాట ఇన్నది మీరు, మీరు గూడ జీపెక్కుండ్రి.” గుమ్మం దాకా వెళ్ళి అలవాటు కొద్దీ ఫోన్ తీశాడు. “ఈడికెళ్ళి ఎయిర్‌పోర్టుకు ఎంతసేపు పడ్తదో…”

“ఆ సైట్‌లో మాత్రం చూడకండి,” అంది విజయదుర్గ, నన్ను రెక్క పట్టుకుని జీపులోకి ఎక్కిస్తూ. “శుక్రవారం సాయంత్రం. ఎల్‌బీ నగర్ సెంటర్. గీత గీసినట్టు ఎవరూ వెళ్ళలేరు.”